అలం అంటే చాలు

వృత్తినుంచి విరమించిన తరువాత ఈ పుటల్లో నేను రాసినవి చాలావరకు ఛందస్సు, వ్యాకరణం, నిఘంటువుల ముచ్చట్లే. ఈసారి విషయం పడవ. మిత్రులు ఆశ్చర్యపడవద్దు, చివరకు మాటల దగ్గరికే వస్తాను.

2023లో ఆరునెలలు సియాటిల్‌లో మా అబ్బాయి ఇంట ఉన్నాను. ఆ ఏడాది మొదట్లోనే వాడి ఉద్యోగం పోయింది. సాఫ్ట్‌వేర్ రంగంలో వేలమందికి అదే గతి పట్టిన రోజులవి. కోడలి జీతంతో ఇల్లు గడుస్తోంది. వాడి చేతిలో మిగిలినవి రెండు: తీరిక, అంతకుముందు చవకగా కొన్న ఒక పాత తెరచాప పడవ. 1974లో తయారైనది. 27 అడుగుల పొడవు, తొమ్మిదడుగులకు కాస్త తక్కువ వెడల్పు. లోపల పడుకోవడానికి నాలుగు బల్లలు, ఒక మూల వంట, ఒక మూల మరుగు. వేసవిలో భార్యను, ఏడేళ్ల కూతురిని ఎక్కించుకొని ఉత్తరాన ఉన్న శాన్ వాన్ దీవులకు వెళ్లాలని వాడి కోరిక.

లోపల బూజు వాసన. కొత్త పరుపులు, కొత్త రంగు చాలునని చూసినవారెవరైనా అంటారు. మావాడు మాత్రం పరుపుల జోలికి పోక, మధ్యనున్న అడ్డుపలకను స్క్రూడ్రైవరుతో పొడిచాడు. తడిసిన అటుకుల్లోకి దిగినట్టు దిగింది.

దాన్ని బల్క్‌హెడ్ అంటారు. చూపుకు గదులను వేరుచేసే గోడ. అసలు పని వేరు. అమరకోశం తెరచాప స్తంభానికి గుణవృక్షమని పేరు చెప్పింది. గుణమంటే తాడు. ఆ చెట్టును ఇరువైపులా పట్టి నిలిపే ఉక్కుతాళ్లు పైకప్పులోంచి దిగిన లోహపు పట్టీలకు, ఆ పట్టీలు ఈ పలకకు బిగించి ఉంటాయి. గాలి తెరచాపను నెట్టినప్పుడు తాళ్లు లాగే బలమంతా దీనిమీదికే వస్తుంది. పట్టీ దిగిన సందులోంచి ఏళ్లతరబడి చుక్కచుక్కగా వాననీరు కారి, ప్లైవుడ్ పొరలు విడిపోయి కుళ్లాయి.

ఆ రాత్రి కోడలు నన్నడిగింది: "మావయ్యగారూ, ఇందులో పాపను ఎక్కించవచ్చంటారా?"

నాకు ఈతైనా రాదు. "పని చూసి చెబుతానమ్మా" అన్నాను.

క్రేనుతో స్తంభం దించారు. కుళ్లిన పలకను ముక్కలుగా కోసి తీశాం. కొత్తది కోయడమే కష్టం. తేలే వస్తువులో రసమట్టం పనికిరాదు. పడవ పక్కల వంపు అంగుళానికొక తీరుగా మారుతుంది. ఎడమకు కోసినది కుడికి అమరదు. అందుకని సన్నని చెక్కపట్టీలను వంపుకు ఆనేలా వేడిజిగురుతో అతికి నమూనా తయారుచేసి, దాన్ని మరీన్ ప్లైవుడ్‌పై పరచి గీసుకోవాలి. గీసేముందు మెట్లద్వారం కొలిచాం. ఎంత చక్కగా కోసినా ఆ రెండడుగుల సందులో దూరకపోతే వృథాయే కదా! నమూనా నేను పట్టుకున్నాను, వాడు గీశాడు. చిన్ననాడు అక్షరాలు దిద్దించిన తరువాత మేమిద్దరం ఒక పలక ముందు అంతసేపు కూర్చోవడం మళ్లీ అప్పుడే.

పలక అంచు పడవ పక్కకు నేరుగా ఆనకూడదట. ఆనితే ఒత్తిడంతా ఒకే గీతమీద పడుతుంది. కాస్త సందు విడిచి, అందులో ఎపాక్సీ ముద్దను గుండ్రంగా మెత్తి, పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డను పొరలుపొరలుగా అంటించాలి. చలిలో ఎపాక్సీ త్వరగా గట్టిపడదు. హీటరు పెట్టుకొని ఇద్దరం కాపలా ఉన్నాం.

అలాంటి రాత్రుల్లోనే వాడు నాకు జాషువా స్లోకమ్ కథ చెప్పాడు. ఆవిరి ఓడలు వచ్చి తెరచాప ఓడల కెప్టెన్లకు పని కరువైన కాలమది. ఒక మిత్రుడు ఆయనకు పొలంలో పడివున్న 'స్ప్రే' అనే పాత పడవను ఇచ్చాడు. ఆయన 13 నెలలు స్వయంగా పనిచేసి, సామగ్రికి 553 డాలర్ల 62 సెంట్లు వెచ్చించి దాన్ని తిరిగి కట్టుకున్నాడు. 1895-98లో అందులో ఒంటరిగా భూమి చుట్టివచ్చాడు. అలా చేసిన మొదటివాడు ఆయనే. కథ చెప్పి మావాడు ఊరుకున్నాడు. నేనూ ఏమీ అడగలేదు.

పలక నిలిచాక మిగిలినవన్నీ చిన్నపనులు. నాకు ముచ్చటైనవి అవే. భోజనపు బల్లకు చుట్టూ అంగుళమెత్తు అంచు, పళ్లెం జారకుండా. సొరుగును కాస్త పైకెత్తి లాగితేనే వస్తుంది; పడవ ఒరిగినప్పుడు తనంతట తెరుచుకోదు. పొయ్యి ఇరుసుల మీద ఊగుతుంది. పడవ వాలినా గిన్నె వాలదు. వంటగ్యాసు గాలికన్నా బరువు, కారితే పడవ అడుగున చేరుతుంది. కనుక సిలిండరుకు లోపల చోటు లేదు, బయటికి దారివున్న వేరే అర. పాప పడుకొనే బల్లకు పక్కన గట్టిగుడ్డ, పైకి తాళ్లతో కట్టేది, దొర్లిపడకుండా. అదొక్కటి నా చేత్తో కుట్టాను.

భోజుని పేరిట ఉన్న యుక్తికల్పతరువు నౌకలను గదులున్న చోటునుబట్టి సర్వమందిర, మధ్యమందిర, అగ్రమందిరలని మూడుగా విభజించి, ఏది ఏ పనికి తగినదో చెప్పింది. వానకాలానికి మధ్యమందిర, దూరప్రయాణాలకు అగ్రమందిర. తగుదల ఒక అలంకారమే. అలంకారమనగానే తరగతిలో నగల పోలిక చెప్పేవాళ్లం. కానీ 'అలం' అంటే 'చాలు'. చాలినట్లు చేయడం అలంకరణ. పళ్లెం జారనివ్వని ఆ టేకు అంచుకు వార్నిష్ పూసినప్పుడు ఆ రెండర్థాలూ ఒకచోటే కనిపించాయి.

మే నెలలో స్తంభం తిరిగి నిలిపారు. తరువాత మూడురోజులు వాన. పట్టీల కింద పొడికాగితాలు పెట్టి వచ్చాం. నాలుగోనాడు తీసిచూస్తే అలాగే ఉన్నాయి. అందులో ఒకటి తెచ్చి కోడలి చేతిలో పెట్టాను. ఆమె దాన్ని రెండువైపులా తడిమి చూసి, "పాపకు లైఫ్ జాకెట్ కొనాలి" అంది.

వాడికి ఉద్యోగం నేను తిరిగివచ్చాక దొరికింది, పాత జీతానికి తక్కువకే.

ఇక మాటల సంగతి. స్తంభానికి, చుక్కానికి, లంగరుకు మనకు పేర్లున్నాయి. బల్క్‌హెడ్‌కు నేను 'అడ్డుపలక' అని రాసుకున్నాను. కోరంగి, తాళ్లరేవు వైపు కొయ్యపడవలు కట్టిన వడ్రంగుల నోట ఇంతకన్నా మంచిమాట ఉండే ఉంటుంది. తెలిసిన మిత్రులు చెబితే దిద్దుకుంటాను.