వయ్యారిభామ పూసిన తోవ

నల్లగొండ జిల్లా కేతేపల్లి దగ్గర హైవే అంచున, బడి ప్రహరీ వెంట, మూసీ నీళ్లు పారే వరి మళ్ల గట్ల మీద ఎక్కడ చూసినా తెల్లటి చిన్న పూలతో వయ్యారిభామ. పేరు చూసి మోసపోవద్దు. చేత్తో పీకితే దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం. గొడ్డు మూతి పెట్టదు. అమెరికా గోధుమ బస్తాల్లో దీని విత్తనం వచ్చిందని ఊరూరా చెప్పుకుంటారు. అంతకు చాలా ముందే ఈ మొక్క మన దేశంలో ఉందని వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు చూపించినా ఆ మాట పోలేదు. పోదు కూడా. ఆ గోధుమల మీది గుర్రు ఎక్కడో ఒకచోట తీరాలి కదా!

ఆ గోధుమలు వచ్చింది 1954లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం పెట్టిన పి.ఎల్. 480 చట్టం కింద. ఆ చట్టం ముందుగా అమెరికా రైతు కోసమే. గోదాముల్లో మూలుగుతున్న పంట కదలాలి, కమ్యూనిస్టుల వైపు మొగ్గేలా ఉన్న దేశాలు చేజారకూడదు. రెండు పనులూ ఒక్క ఓడలో అయిపోతాయి. నల్లగొండలో కమ్యూనిస్టుల సాయుధ పోరాటం ఆగింది 1951లో. ఆ మరుసటేడే ఇక్కడి నుంచి కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు. వాషింగ్టన్‌లో ఎవరో ఒకరు ఈ జిల్లా పేరు రాసుకునే ఉంటారని నా అనుమానం.

1965, 66 కరువుల్లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జాన్సన్ పట్టు బిగించాడు. ఏళ్లకు సరిపడా ఒప్పందాలు బంద్. ఆయన ఊ అంటేనే ఓడలు కదిలేవి. వియత్నాం మీద బాంబులు ఆపమని ఇందిరాగాంధీ అనడం ఆయనకు కిట్టలేదు. దొర గడి ముందు వడ్డీకిచ్చే నాగు వడ్లకు నిలబడ్డ జిల్లాకు ఈ తంతు కొత్తేం కాదు.

గింజలకు మనం రూపాయల్లోనే కట్టాం. అవి అమెరికా ఖాతాలో ఇక్కడే గుట్టపడ్డాయి. 1974లో అమెరికా రాయబారి మొయినిహాన్ 1,664 కోట్ల చెక్కు రాసిచ్చి పెద్ద వాటా మనకే వదిలేశాడు. అంతకుముందే, 1962 నుంచి, ఆ రూపాయలతోనే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు మన పుస్తకాలు కొని అమెరికా యూనివర్సిటీలకు పంపారు. అందులో తెలుగువీ ఉన్నాయి. ఇక్కడ చెదలు తినేసిన నవల అక్కడ అట్ట నలగకుండా దొరుకుతుంది. మొత్తం బేరంలో నాకు నచ్చిందీ, కొంచెం కడుపు మండించిందీ ఇదే.

జాన్సన్ ఓడలు ఆపిన రోజుల్లో ఆయన పేరు ఈ పల్లెల్లో ఎందరికి తెలుసో! ట్రంప్ పేరు తెలియని ఇల్లు ఇప్పుడు లేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ వీసాకి లక్ష డాలర్ల ఫీజన్న వార్త రాగానే పిల్లలను అమెరికా పంపిన ఇళ్లలో ఒకటే ప్రశ్న: "మావోడు ఎప్పుడో పాయె, వాడు గూడ కట్టాల్నా?" అక్కర్లేదని వైట్‌హౌస్ చెప్పేసరికి మర్నాడైంది.