చుక్క కారని లోపము

వ్యాకరణము బోధించు మాకు యంత్రములతో పరిచయము తక్కువ. అయినను ఒక ట్రాక్టరు మాకు చెప్పిన పాఠమును మా విద్యార్థులతో పంచుకొనక తప్పదు.

నిన్నటి కృష్ణా జిల్లాలో, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్న మైలవరము మెట్ట ప్రాంతము. మామిడి తోటలు మెండు. కోసిన కాయ వెంటనే నున్న మార్కెట్టుకు చేరవలెను. గత వేసవిలో మా అన్నగారి ట్రాక్టరు నిండు ట్రక్కుతో పోవుచు, మలుపులో తిరుగక, కాలువ అంచున ఆగినది. “పవర్ స్టీరింగు పట్టేసింది సార్” అని డ్రైవరు కుర్రవాడు మొర పెట్టుకొన్నాడు. మేము ఆయిలు చూచినాము, తగినంత ఉన్నది. క్రింద చుక్క కారిన జాడ లేదు. “నీవే కునుకు తీసి ఉంటావు” అని పదిమంది ఎదుట అన్నాము. అతడు తాళము మా చేతిలో పెట్టి, తల వంచుకొని వెళ్ళిపోయినాడు.

ఒక మెకానిక్కు పంపు మార్చవలెనన్నాడు. ఖర్చుకు జంకి అన్నగారు ఒక వృద్ధ ఉస్తాదును పిలిపించినారు. ఆయన పానా పట్టకముందే అడిగినారు: “బరువు ఒక ప్రక్కనేనా, రెండు ప్రక్కలా? ఇంజను వేగం పెంచితే తేలికవుతుందా? పంపు అరుస్తుందా?”

ఈ ప్రశ్నలకు జవాబు తెలిసినవాడు మేము వెళ్ళగొట్టిన డ్రైవరొక్కడే. సిగ్గుపడుచు అతని ఇంటికి పోయి పిలుచుకొని వచ్చినాము.

“రెండు ప్రక్కలా బరువే. ఏ వేగంలోనైనా కుదుపుతుంది. పంపు ఊళ పెడుతుంది” అన్నాడతడు.

ఉస్తాదుగారు తల ఊపినారు. ఒక ప్రక్కకే బరువైనచో సిలిండరును, వాల్వును అనుమానించవలెనట; నిదానములో బరువై వేగములో తేలికైనచో పంపు అరిగినదట. ముందు చక్రములను జాకీపై లేపి, సిలిండరు విడదీసి, చేతితో త్రిప్పినారు. సులువుగా తిరిగినవి, కింగు పిన్నులలో దోషము లేదు. మరల బిగించి, ఇంజను నడిపి, ఆయిలు డబ్బా మూత తీసినారు. లోపల పాలవంటి నురుగు!

“మాస్టారూ, ఆయిలు నొక్కితే అణగదు, గాలి అణుగుతుంది. గాలి చేరితే బలం చక్రానికి అందదు. పంపు పీల్చుకొనే గొట్టం పగిలింది. ఈ గొట్టంలోంచి ఆయిలు బయటికి కారదు. గాలే లోపలికి పోతుంది.”

కొత్త గొట్టము, క్లిప్పు వేసి, ఆయిలు నింపి, బుడగలు ఆగువరకు స్టీరింగును ఈ కొస నుండి ఆ కొసకు మెల్లగా త్రిప్పించినారు. పంపు మార్చు పని లేకపోయినది.

పదిమంది ఎదుట అన్న మాటకు పదిమంది ఎదుటనే క్షమాపణ కోరినాము. డ్రైవరు, “నేనప్పుడే చెప్పాను గదా సార్” అని మాత్రము అన్నాడు. ఆ మాట మందలింపుకన్న బరువైనది.

నాటి నుండి తరగతిలో తెల్ల కాగితమిచ్చిన విద్యార్థిని కోపగించుటకు ముందు రెండు ప్రశ్నలు అడుగుచున్నాము. జవాబు అతని వద్దనే ఉండును.