పలక మీద దూడ

సావనీరుకి ఏమైనా రాసిమ్మని యూనియన్ కుర్రాళ్లు వచ్చి అడిగితే "నేనేం రచయితనటయ్యా!" అన్నాను. వాళ్లు వెళ్లాక ఒక పలక గుర్తొచ్చింది.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. వేలాది మంది కొట్టుకుపోయారు. తర్వాతి సంక్రాంతి సెలవుల్లో మా కాలేజీ ఎన్.ఎస్.ఎస్. కుర్రాళ్లం నాగాయలంక వైపు ఒక ఊళ్లో పాకలు వేయడానికి వెళ్లాం. పగలంతా వెదుళ్లు మోయడం, తాటాకు కప్పడం. సాయంత్రాలు పిల్లలకి చదువు చెప్పే పని నా నెత్తిన పడింది. బి.ఎస్సీ. చదువుతున్నవాడికి తెలియనిదేదీ ఉండదని అప్పట్లో నా నమ్మకం!

ఎనిమిదేళ్ల కుర్రాడొకడు గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, పరుగెత్తుకెళ్లి పాక నిట్రాటకి ఆనుకుని చెవులు మూసుకునేవాడు. "మగపిల్లాడివి, భయమేంట్రా? అయిందేదో అయింది, మర్చిపో" అనేవాణ్ణి, రోజూ. వాడు తలూపేవాడు. మర్నాడు మళ్లీ నిట్రాటే. పైగా నేను కనబడితే తప్పుకు తిరగడం మొదలెట్టాడు. ధైర్యం చెబుతున్నాననుకున్నాను గాని, వాడి నోరు మూయిస్తున్నానని నాకు తట్టలేదు.

ఆ పాకలో ఒక మామ్మ ఉండేది. వాడికి చుట్టం కూడా కాదు. లాంతరు వెలిగిస్తూ "ఇవాళ నీకేం గుర్తొచ్చిందిరా అయ్యా?" అని అడిగింది. ఏం లేదన్నాడు. రెండో రోజూ అంతే. ఆవిడ బలవంతం చేయలేదు, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూచుంది. మూడో రోజు వాడు అన్నాడు: "దూడ."

ఉప్పెన వచ్చిన పూట తండ్రి దూడ పలుపు విప్పి రమ్మన్నాడట. గాలికి జడిసి వీడు వెళ్లలేదు. విప్పానని అబద్ధం చెప్పాడు. ఇప్పుడు దూడా లేదు, నిజం చెప్పుకుందామంటే తండ్రీ లేడు.

"నీ తప్పేం లేదురా" అనబోయాను. మామ్మ చేత్తో ఆపింది. "ఉండు బాబూ, వాణ్ణి చెప్పనీ."

చెప్పాడు. దాని నొసటి మీద చుక్క గురించి, అది తాత కండువా నమిలేసిన సంగతి, అన్నీ. చెబుతూ నవ్వాడు, ఆ వెంటే ఏడ్చాడు. అంతా విని ఆవిడ ఒక్క మాటే అంది: "ఆ గాలిలో నేనైనా గడప దాటేదాన్ని కాదురా."

మర్నాడు వాడు పలక అడిగి పుచ్చుకుని దూడ బొమ్మ వేశాడు. మెడకి పలుపు లేదు. చెరపనివ్వలేదు. మాకున్నవే నాలుగు పలకలు, మిగతా పిల్లలకి లెక్కలు ఇసకలో వేయించాల్సి వచ్చింది. నాకు విసుగేసింది, దాచడం ఎందుకు?

మేం బయల్దేరే ముందురోజు సాయంత్రం గాలి లేచింది. వాడు నిట్రాట దగ్గరికే వెళ్లాడు, కాని చెవులు మూసుకోలేదు. కాసేపు బయటికి చూస్తూ నిలబడి, తర్వాత వచ్చి నా ఎదురుగా కూచున్నాడు. పలక మీద ఉమ్మేసి అరచేత్తో తుడిచాడు.

"కూడికలు ఇవ్వండి మాస్టారూ" అన్నాడు.