విమానానికి ఎత్తు ఎలా తెలుస్తుంది?

నేను మండవల్లి హాస్టల్లో ఉండి పదో తరగతి చదివేటప్పుడు ఒక ఆదివారం నాన్న నన్ను చూడటానికి వచ్చాడు. గన్నవరం వైపు విమానం ఒకటి వెళుతోంది. "మబ్బులో నేల కనపడదు గదా, ఎంత ఎత్తులో ఉన్నాడో నడిపేవాడికి ఎట్టా తెలుస్తదిరా?" అని అడిగాడు. తెలియదని చెప్పడానికి సిగ్గేసి, "కంప్యూటర్ చెబుతుంది నాన్నా" అనేశాను. ఆయన నమ్మాడు. ఆ నమ్మకమే నన్ను చాలాకాలం బాధపెట్టింది.

ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరాక అసలు జవాబు దొరికింది. గాలికి బరువుంది. పైకి వెళ్లేకొద్దీ మన మీద ఉండే గాలి తగ్గుతుంది, దాంతో పీడనమూ తగ్గుతుంది. 1648లో ఫ్రాన్సులో పాస్కల్ తన బావ పెరియర్ చేత భారమితిని ప్యూయ్ ద డోమ్ కొండ ఎక్కించాడు. పాదరస మట్టం దాదాపు 8 సెంటీమీటర్లు పడిపోయింది.

విమానంలోని ఆల్టీమీటరు కూడా ఒక భారమితే. ముల్లు ఉండే ఆల్టీమీటరులో గాలి తీసేసి మూసిన పల్చని లోహపు డబ్బీ ఉంటుంది. బయటి పీడనం తగ్గితే అది ఉబ్బుతుంది, ఆ కదలిక ముల్లును తిప్పుతుంది. సముద్రమట్టం దగ్గర సుమారు 27 అడుగులు పైకి వెళితే పీడనం ఒక హెక్టాపాస్కల్ తగ్గుతుంది. ఎత్తును సముద్రమట్టం నుంచి లెక్కగడతారు, మన కొల్లేటి అయిదో కాంటూరులాగానే.

సెలవుల్లో ఇంటికి వెళ్లి, అప్పుడు తెలియక చెప్పానని ఒప్పుకుని, ఇదంతా నాన్నకు వివరించాను. ఆయన కాసేపు ఆలోచించి, "రేడియోలో అల్పపీడనం అంటారే, అదీ ఇదీ ఒకటేనా? మరి ఆ రోజు ముల్లు తప్పు చెప్పదూ?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. బడి మెట్టెక్కని నాన్న అడిగింది పైలట్లకు నేర్పే పాఠమే! పీడనం 10 హెక్టాపాస్కల్స్ తగ్గినప్పుడు సరిచేసుకోకపోతే ఆల్టీమీటరు సుమారు 270 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. పైనే ఉన్నాననుకుంటూ పైలట్ నేలకు దగ్గరైపోతాడు. అందుకే దిగేముందు విమానాశ్రయం కంట్రోలు వాళ్లు అప్పటి పీడనం ఎంతో చెబుతారు. పైలట్ దాని ప్రకారం ఆల్టీమీటరును సరిచేసుకుంటాడు.

తమ్ముళ్లూ, తెలియనిది తెలియదని చెప్పడం తప్పు కాదు. మీరు చదివిన పాఠాన్ని ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలకు చెప్పండి. వాళ్లు అడిగే ప్రశ్న మీ పుస్తకంలో ఉండకపోవచ్చు, కానీ పాఠం అర్థమయ్యేది అక్కడే.