ఇంటిల్లిపాదీ నవ్వుకోవడానికి

బెంగళూరులో మన తెలుగిళ్ళలో టీవీ ముందు మూడు తరాలు కూర్చోవడమే అరుదు. తాతగారికి తెలుగు కావాలి, పిల్లలకు ఇంగ్లీషు కావాలి. అందరూ కలిసి చూసేవి చెప్పమంటే నేను పాత బ్రిటిష్ హాస్య సీరియళ్ళ పేర్లు చెబుతాను.

మొదటిది ‘యెస్ మినిస్టర్’. 1980లో బీబీసీలో మొదలైంది. మంత్రి ఏదో చేద్దామంటాడు. కార్యదర్శి సర్ హంఫ్రీ ‘చిత్తం’ అంటూనే అది జరగకుండా చూస్తాడు. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన పెద్దలకు దీన్ని మనం వివరించనక్కర్లేదు, వాళ్ళే మనకు వివరిస్తారు!

‘ఫాల్టీ టవర్స్’ 1975లోనూ 1979లోనూ వచ్చింది. మొత్తం 12 భాగాలే. వచ్చిన అతిథులంటేనే గిట్టని హోటలు యజమాని కథ. మాటల వేగం అందకపోయినా జాన్ క్లీజ్ చేష్టలకు నవ్వాగదు.

1977లో మొదలైన ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ లండన్‌లో ఇంగ్లీషు నేర్చుకునే పరదేశీయుల రాత్రిబడి కథ. దీన్నే 1993లో పంకజ్ కపూర్‌తో ‘జబాన్ సంభాల్‌కే’గా హిందీలో తీశారు. ఒక్కో దేశంవాళ్ళనూ ఒక్కో మూసలో పోసి వెక్కిరించిందన్న విమర్శ దీనిమీద ఉంది, అది న్యాయమే. అయినా పిల్లల పక్కన కూర్చుని చూడమంటాను. సెలవులకు ఊరెళ్ళినప్పుడు మావాడి తెలుగు విని చుట్టాలు నవ్వారు. ఆ తర్వాత వారం రోజులు వాడి నోట తెలుగు రాలేదు. ఈ సీరియల్ చూస్తూ, ‘వాళ్ళను చూసి నవ్వుతున్నామా, వాళ్ళతో కలిసి నవ్వుతున్నామా?’ అని వాడే అడిగాడు. ఆ ప్రశ్న మన పెద్దవాళ్ళం కూడా వేసుకోవలసిందే.