వదినగారూ, మీ బుజ్జిగాడి గురక

ఏం వదినగారూ, బట్టలు తర్వాత ఆరేద్దురుగాని, ఇలా గోడ దగ్గరికి రండి. రాత్రి మీ పగ్ కుక్క బుజ్జిగాడి గురక మా పడగ్గదిలోకి వినబడింది. మొదట అన్నయ్యగారిదే అనుకున్నా, కోప్పడకండి! వచ్చినవాళ్లందరికీ ఆ గురక వీడియో చూపించి మురిసిపోతారు గానీ, అది ముద్దు కాదండీ, దానికి గాలి ఆడట్లేదు.

2003లో హచ్ మొబైల్ నెట్‌వర్క్ ప్రకటనలో పిల్లాడి వెంటే తిరిగిన కుక్కను చూశాక ఇంటింటికీ పగ్‌లు దిగాయి. ఆ నొక్కుడు మొహంలోనే ఉంది చిక్కంతా. పుర్రె పొట్టిదైంది గానీ లోపలి మెత్తటి అంగిలి పొట్టి కాలేదు. అదే వెనక్కి జారి గాలిదారికి అడ్డం పడుతుంది. పైగా ముక్కుపుటాలు సన్నం. మనకైతే చెమట పోసి ఒళ్లు చల్లబడుతుంది, కుక్క రొప్పి చల్లబడాలి. రొప్పడానికే దారి లేకపోతే మన బెజవాడ ఎండలో ఏం చేస్తుంది, పాపం? అన్నయ్యగారు పొద్దెక్కాక షికారుకు తీసుకెళ్తున్నారే, అది మానిపించండి. తెల్లారకముందో, చీకటి పడ్డాకో వెళ్లమనండి. మీ అత్తగారు పెట్టే నేతిముద్దలు కూడా... సరే, ఆవిడకు నేను చెప్పాననకండి. ఒళ్లు పెరిగేకొద్దీ ఆయాసమూ పెరుగుతుంది.

వీధి చివర మాస్టారి పొమెరేనియన్ వేరే రకం. బాతు అరిచినట్టు దగ్గుతుంది. ఆ చిన్న జాతుల్లో గాలిగొట్టం మెత్తబడి నొక్కుకుపోతుందట. ఆయనేమో మెడపట్టీ పట్టుకుని బరబరా లాగుతారు! ఛాతీకి తొడిగే హార్నెస్ కొనమని నాలుగుసార్లు చెప్పా. పాఠం చెప్పేవాళ్లు పాఠం వినరు కదా.

అన్నట్టు, మీ కుక్క ఒక్కోసారి మెడ చాచి ముక్కుతో గురగురా లోపలికి పీల్చి, కాసేపటికే ఏమీ ఎరగనట్టు తోకాడిస్తుంది చూశారా? అది తిరగబడ్డ తుమ్ము. ఎప్పుడో ఒకసారైతే కంగారుపడక్కర్లేదు. కానీ వీడియో తీసి ఉంచండి. డాక్టరు ముందు ఒక్కటీ అలా చేసి చావదు.

ఇంకోటి, మీరు సీరియల్ చూసేటప్పుడు అది పక్కన పడుకుంటుంది కదా. గాఢనిద్రలో నిమిషానికి దాని పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టండి. రోజూ 30 దాటుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. వయసు మీద పడ్డ చిన్న కుక్కల్లో గుండె కవాటం పాడైనా ఆయాసం వస్తుంది. నాలుక, చిగుళ్లు నీలంగా మారితే మాత్రం క్షణం ఆగకూడదు. ఎండదెబ్బ అయితే ఒంటి మీద చల్లటి నీళ్లు పోసి, గాలి తగిలేలా పట్టుకుని ఆటో ఎక్కేయండి. నోట్లో బలవంతంగా నీళ్లు పోయకండేం.

సన్నపు ముక్కుపుటాలను ఆపరేషన్ చేసి వెడల్పు చేస్తారు. చిన్నవయసులో చేయిస్తేనే మేలు. మీ వాడింకా కుర్రాడే కదా, ఈ వారమే తీసుకెళ్లి ఆ ముక్కు చూపించండి.