చెట్ల నీడ

నేను తాంబరములోని మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొంటిని. 1837లో ఆరంభమైన ఆ విద్యాలయము 1937లో పట్టణము విడిచి, రమారమి 365 ఎకరముల చిట్టడవిలోనికి వచ్చెను. మేము తరగతికి పోవు దారిలో చుక్కల దుప్పులు మేయుచుండెడివి. రసాయన శాస్త్రము బోధించిన బార్న్స్ దొరగారు ఆ నేలలో ఎన్నో జాతుల మొక్కలు నాటించిరి. నేను వెళ్లునప్పటికి అవి మహావృక్షములు. నాటిన చేతిని నేను చూడలేదు. నీడను మాత్రము అనుభవించితిని.

నన్ను అక్కడికి పంపినది మా పల్లె సంఘము. మా స్త్రీలు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు పిడికెడు తీసి కుండలో వేసెడివారు. ఆ బియ్యము అమ్మిన డబ్బే నా రైలు ఛార్జీ. ఆ చెట్ల క్రింద మూడేండ్లు సంతోషముగా గడిపితిని గాని, సంఘమునకు ఒక్క ఉత్తరమైనను వ్రాయలేదు. పట్టా పుచ్చుకొని తిరిగి వచ్చునప్పటికి, ఆ కుండను కాపాడిన అవ్వ ప్రభువునందు నిద్రించియుండెను. "నా బిడ్డ జాబు వచ్చినదా?" అని ప్రతి ఆదివారము పాస్టరుగారిని అడిగెడిదట.

చదువరీ, నీవు నేడు ఎవరి నీడలో కూర్చుండియున్నావు? వారు బ్రదికియుండగానే ఒక మాట పంపుము. దేవునికి స్తోత్రము చెల్లించుటకు పోవు దారి వారి గుమ్మము మీదుగానే యున్నది.